బోస్టన్ యూనివర్సిటీ ఐస్ హాకీ: నలభై ఏళ్లు ఒకే కోచ్ ఎలా ఉన్నారు, ఆయన వెళ్లాక టైటిల్ ఎందుకు రాలేదు?

తమ్ముడూ, నీ ప్రశ్న చూశాను. బోస్టన్ యూనివర్సిటీలో ఎం.ఎస్.లో చేరావు. క్లాస్‌మేట్ ఎవరో అగానిస్ అరీనాకి మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ రింక్‌కి (ఆడే మంచు మైదానానికి) జాక్ పార్కర్ పేరు పెట్టి ఉంది, నలభై ఏళ్లు ఈయనే కోచ్ అని పక్కవాళ్లు చెప్పారు. ఇప్పుడు నీకు రెండు సందేహాలు: ఈ టీమ్‌ని నిలబెట్టింది పార్కరేనా, అలాగైతే ఆయన వెళ్లాక ఇంత పేరున్న ఆటగాళ్లు వస్తున్నా 2009 తర్వాత ఒక్క జాతీయ టైటిల్ కూడా ఎందుకు రాలేదు?

ముందు సూటిగా చెప్పేస్తాను. పునాది వేసింది పార్కర్ కాదు, ఆయన గురువు జాక్ కెల్లీ. పార్కర్ ఆ పునాది మీద నలభై సీజన్లు ఇల్లు కట్టుకుంటూ పోయారు. ఇక టైటిల్ రాకపోవడం తర్వాతి కోచ్‌ల చేతకానితనం కాదు. ఆట నడిచే పద్ధతి మారింది: ఇప్పుడు గొప్ప ఆటగాడు ఏడాదో రెండేళ్లో ఉండి ఎన్‌హెచ్‌ఎల్‌కి, అంటే అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్లిపోతాడు, పైగా టైటిల్ కావాలంటే వరుసగా నాలుగు నాకౌట్ మ్యాచ్‌లు గెలవాలి. అయినా 2023, 2024, 2025 మూడేళ్లూ ఈ టీమ్ చివరి నాలుగు జట్లలో ఉంది. దీన్ని పడిపోయిన టీమ్ అంటే నేను ఒప్పుకోను.

నేను 1994లో గుంటూరు నుంచి ఇదే యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చాను. హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం, అంతే తెలుసు. ల్యాబ్‌లో పక్క సీటు అబ్బాయి ఒక శుక్రవారం రాత్రి వాల్టర్ బ్రౌన్ అరీనాకి లాక్కెళ్లాడు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వెళ్లినా చలికి వణికిపోయాను, పక్ (బంతికి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ల) ఎక్కడుందో సగం సేపు కనిపించనే లేదు, కానీ మూడో పీరియడ్, అంటే ఆట చివరి భాగం, వచ్చేసరికి నిలబడి అరుస్తున్నాను. ఆ తర్వాత ఈ ఊళ్లోనే ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. మా అమ్మాయి ఆరేళ్లకి స్కేట్లు కట్టింది. తన వల్లే నేనూ నేర్చుకుని మా టౌన్ పిల్లల టీమ్‌కి చాలా ఏళ్లు వాలంటీర్ కోచ్‌గా పనిచేశాను. చిన్నపిల్లలకి కోచింగ్ చేశాక పెద్ద కోచ్‌లు చేసే పని కొంచెం వేరేగా కనబడటం మొదలైంది. ఆ కళ్లతో చూసి చెబుతున్న మాటలివి.

పాత చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1918 నుంచీ ఇక్కడ హాకీ ఉంది. మొదట్లో సొంత రింక్ లేదు, ఊళ్లో ఉన్న పాత బోస్టన్ అరీనాలో ఆడేవాళ్లు. 1945 నుంచి 1962 దాకా హ్యారీ క్లెవర్లీ కోచ్. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) జాతీయ టోర్నమెంట్ 1948లో నాలుగు జట్లతో మొదలైతే, 1950లోనే ఈయన టీమ్ ఫైనల్‌కి వెళ్లింది. అక్కడ కొలరాడో కాలేజ్ చేతిలో 13-4తో చిత్తుగా ఓడింది. ఆ రోజుల్లో టైటిళ్లు దాదాపు అన్నీ మిషిగన్, కొలరాడో, నార్త్ డకోటా వైపు జట్లవే. తూర్పు తీరం జట్లు వెళ్లడం, ఓడి రావడం మామూలైపోయింది.

మన టీమ్ విషయంలో దాన్ని మార్చింది జాక్ కెల్లీ. ఆయన కూడా ఇక్కడే క్లెవర్లీ కింద ఆడి, 1952లో డిగ్రీ తీసుకుని, మెయిన్ రాష్ట్రంలో కోల్బీ కాలేజీకి కోచ్‌గా చేసి 1962లో తిరిగొచ్చారు. పదేళ్లు ఉన్నారు. 1967లో ఫైనల్ దాకా తీసుకెళ్లారు, కార్నెల్ చేతిలో ఓడారు. 1971లో మిన్నెసోటాని 4-2తో ఓడించి మొదటి టైటిల్, 1972లో బోస్టన్ గార్డెన్‌లో, అంటే సొంత ఊళ్లో, అదే కార్నెల్ మీద 4-0తో రెండోది. తూర్పు జట్టు ఒకటి వరుసగా రెండేళ్లు టైటిల్ నిలబెట్టుకోవడం అదే మొదటిసారి. వాల్టర్ బ్రౌన్ అరీనా తెరిచిందీ 1971లోనే. టైటిలూ సొంత రింకూ ఒకే ఏడాది వచ్చాయంటే ఆ పదేళ్ల పని ఎలాంటిదో ఊహించుకో. వెంటనే ఆయన్ని ప్రొఫెషనల్ హాకీ పిలిచింది. న్యూ ఇంగ్లండ్ వేలర్స్‌కి వెళ్లి 1973లో డబ్ల్యూహెచ్‌ఏ లీగ్ మొట్టమొదటి కప్పు గెలిపించారు.

ఇక్కడ చాలామంది దాటవేసే పేరు ఒకటి ఉంది, లియోన్ అబాట్. కెల్లీ తర్వాత బయటి నుంచి తెచ్చిన కోచ్. నిండా రెండు సీజన్లు కూడా లేరు. అప్పట్లో కెనడాలో జూనియర్ హాకీ ఆడి, క్లబ్బు దగ్గర తిండికో బసకో డబ్బు తీసుకున్న అబ్బాయిలు అమెరికా కాలేజీల్లో ఆడటానికి అర్హులు కాదని ఎన్‌సీఏఏ పట్టుబట్టింది. దాని వల్ల 1972-73లో గెలిచిన మ్యాచ్‌లు కొన్ని రద్దయ్యాయి. మరుసటి ఏడాది ఇద్దరు కెనడా ఆటగాళ్లు కోర్టుకెళ్లి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఈ గొడవ మధ్యలో 1973 డిసెంబర్‌లో, సీజన్ నడుస్తుండగానే అబాట్‌ని తీసేశారు. ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, 2025-26 నుంచి కెనడా మేజర్ జూనియర్ ఆటగాళ్లు అమెరికా కాలేజీల్లో ఆడొచ్చని నియమం మారింది. యాభై ఏళ్ల కింద ఒక కోచ్ ఉద్యోగానికి ముప్పు తెచ్చిన విషయం ఇవాళ రూలుబుక్కులో మామూలు లైను. అబాట్ పేరు ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

ఆ డిసెంబర్‌లో టీమ్‌ని అప్పగించింది ఇరవై ఎనిమిదేళ్ల అసిస్టెంట్‌కి. ఆయనే జాక్ పార్కర్. పక్కనే సోమర్‌విల్ కుర్రాడు, కెల్లీ కింద ఆడి కెప్టెన్ అయి 1968లో డిగ్రీ పూర్తి చేసినవాడు. సీజన్ మధ్యలో, అంత గొడవలో, తనకంటే ఆరేడేళ్లు మాత్రమే చిన్నవాళ్లైన ఆటగాళ్లని పట్టుకుని ఆ ఏడాదే తూర్పు ప్రాంత ఛాంపియన్‌షిప్ గెలిచారు. అది కూడా ఒక్కసారి కాదు, 1974 నుంచి 1977 దాకా వరుసగా నాలుగేళ్లు. నాలుగేళ్లూ జాతీయ సెమీఫైనల్‌కి వెళ్లి నాలుగేళ్లూ అక్కడే ఆగిపోయారు. ఐదో ఏడు, 1978లో, 30 గెలుపులు, 2 ఓటములతో సీజన్ ముగించి, ఫైనల్లో పక్కింటి శత్రువు బోస్టన్ కాలేజీని 5-3తో ఓడించి టైటిల్ కొట్టారు.

(బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజీ రెండూ వేరు. రెండూ కామన్‌వెల్త్ అవెన్యూ మీదే, గ్రీన్ లైన్ బి ట్రైన్ ఎక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకి ఈ తేడా చెప్పడం కష్టమే కానీ, ఇక్కడ మాత్రం పొరపాటున కూడా ఒకదాని పేరు ఇంకోదానికి వాడొద్దు.)

నువ్వు అడిగిన "నలభై ఏళ్లు ఎలా" అన్నదానికి నాకు తోచిన జవాబు ఆ నాలుగు ఓటముల్లోనే ఉంది. 1976 మార్చిలో డెన్వర్‌లో సెమీఫైనల్, ఎదురుగా మిన్నెసోటా, వాళ్ల కోచ్ హెర్బ్ బ్రూక్స్. ఆట మొదలై రెండు నిమిషాలైనా కాకముందే రెండు బెంచీలూ ఖాళీ అయ్యేంత కొట్లాట జరిగింది. చివరికి మిన్నెసోటా 4-2తో గెలిచింది. నాలుగేళ్ల తర్వాత అదే బ్రూక్స్ 1980 ఒలింపిక్స్‌కి అమెరికా టీమ్‌ని ఎంచుకుంటూ పార్కర్ కుర్రాళ్లు నలుగురిని తీసుకున్నారు: జిమ్ క్రెయిగ్, మైక్ ఎరూజియోనీ, జాక్ ఓ'కాలహన్, డేవ్ సిల్క్. 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో సోవియట్ యూనియన్‌ని 4-3తో ఓడించిన మ్యాచ్‌లో గోల్‌లో నిలబడింది క్రెయిగ్, గెలుపు గోల్ కొట్టింది కెప్టెన్ ఎరూజియోనీ. తనతో కొట్లాడిన టీమ్ నుంచే బ్రూక్స్ తన కెప్టెన్నీ గోల్‌కీపర్నీ తీసుకున్నారంటే, ఆ కుర్రాళ్లు ఎలా తయారయ్యారో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పార్కర్ నలభై ఏళ్లు ఉండగలిగింది గెలిచినందుకు మాత్రమే కాదు, వెళ్లమన్నా వెళ్లనందుకు కూడా. ఈ ఊరి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు బోస్టన్ బ్రూయిన్స్ కోచ్ పదవి ఆయన దాకా వచ్చింది, వద్దన్నారు. ఈ ఊళ్లో బ్రూయిన్స్‌ని కాదనడం చిన్న విషయం కాదు. మొత్తం 897 గెలుపులు, అన్నీ ఒకే కాలేజీకి. 2022 దాకా బోస్టన్ కాలేజీ కోచ్‌గా ఉన్న జెర్రీ యార్క్‌కి మొత్తం గెలుపులు ఇంతకంటే ఎక్కువ, కానీ అవి మూడు కాలేజీల్లో పంచుకున్నవి. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్నడగొద్దు, నా జవాబు పక్షపాతంగానే ఉంటుంది.

నేను చూసిన పార్కర్ మూడో దశాబ్దం నుంచీ. నేను రాకముందే 1991 ఫైనల్ అయిపోయింది. నార్తర్న్ మిషిగన్‌తో 3-0 ఆధిక్యంలో ఉండి, తర్వాత 7-4తో వెనకబడి, మళ్లీ 7-7 చేసి, మూడో ఓవర్‌టైమ్‌లో (సమం అయినప్పుడు ఆడించే అదనపు ఆటలో) 8-7తో ఓడిన మ్యాచ్ అది. నా రూమ్మేట్లు ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పుకునేవాళ్లు. 1994 ఫైనల్లో లేక్ సుపీరియర్ స్టేట్ చేతిలో 9-1. అంటే నేను దిగేసరికి ఈ టీమ్ జాతీయ ఫైనల్లో తొమ్మిది గోల్స్ తిని నాలుగు నెలలు. అదే టీమ్ మరుసటి ఏప్రిల్‌లో, 1995లో, ప్రావిడెన్స్‌లో మెయిన్‌ని 6-2తో ఓడించి టైటిల్ తెచ్చింది. ఆ టోర్నమెంట్‌లో ఉత్తమ ఆటగాడు క్రిస్ ఓ'సలివన్, మొదటి ఏడాదిలో మెడ ఎముక విరిగి మళ్లీ ఆడతాడో లేదో తెలియని కుర్రాడు. క్రిస్ డ్రూరీ అప్పుడు ఫస్ట్ ఇయర్. జే పాండోల్ఫో థర్డ్ ఇయర్. ఈ పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

ఆ టైటిల్ బ్యానర్ ఎగరేసిన రాత్రి గురించి చెప్పకుండా ఈ ప్రోగ్రామ్ గురించి మాట్లాడలేను. 1995 అక్టోబర్ 20, నార్త్ డకోటాతో మ్యాచ్. నేను గోడకి ఆనుకుని పై వరసలో నిలబడ్డాను. ట్రావిస్ రాయ్ అని మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడు, నంబర్ 24, కాలేజీ హాకీలో మొదటిసారి మంచు మీదకి దిగాడు. దిగిన పదకొండో సెకనులో ప్రత్యర్థిని ఢీకొట్టబోయి పట్టుతప్పి బోర్డుకి (రింక్ చుట్టూ ఉండే గోడకి) తల తగిలి పడిపోయాడు. మళ్లీ లేవలేదు. అరీనా మొత్తం నిశ్శబ్దం. వాళ్ల నాన్న మెట్లు దిగి మంచు మీదకి వెళ్లడం చూశాను. మెడ దగ్గర వెన్నెముక దెబ్బతిని జీవితాంతం చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. ఆ కుర్చీలోనే డిగ్రీ పూర్తి చేశాడు, తనలాంటి వాళ్లకి పరికరాలు కొనిపెట్టే, పరిశోధనకి డబ్బిచ్చే ఫౌండేషన్ పెట్టాడు, పాతికేళ్లు ఊరూరా తిరిగి మాట్లాడాడు. 2020 అక్టోబర్‌లో పోయాడు, నలభై ఐదేళ్లకి. ఈ ప్రోగ్రామ్ చరిత్రలో శాశ్వతంగా పక్కన పెట్టిన మొదటి జెర్సీ నంబర్ అతనిదే. ఆల్-అమెరికన్ (దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్ల జాబితా) గౌరవం పొందినవాళ్లది కాదు, పదకొండు సెకన్లు ఆడిన కుర్రాడిది. అగానిస్‌లో ఈసారి కూర్చున్నప్పుడు తల ఎత్తి 24 ఎక్కడుందో చూడు.

మా పిల్లల టీమ్‌లో మొదటి రోజు నేను నేర్పేది స్టిక్ పట్టుకోవడం కాదు. బోర్డు వైపు జారుతుంటే తల పైకెత్తి ఉంచడం. గోడకి తల వంచి వెళ్లొద్దు, చెయ్యి అడ్డం పెట్టు, భుజం తిప్పు. పిల్లలకి విసుగు పుట్టేదాకా చెబుతాను. ఆ రాత్రి చూసినవాళ్లెవరూ వేరేలా నేర్పలేరు.

2009 సంగతి. ఏప్రిల్ 11, వాషింగ్టన్‌లో ఫైనల్, ఎదురుగా ఒహాయోలోని మయామీ యూనివర్సిటీ. ఆట ముగియడానికి ఒక్క నిమిషం ఉందనగా 3-1తో వెనకబడి ఉన్నారు. మా ఇంట్లో మ్యాచ్ చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది చెప్పులు వేసుకుంటున్నారు. పార్కర్ గోల్‌కీపర్‌ని వెనక్కి పిలిచి ఆరో ఆటగాణ్ని దింపారు. 59 సెకన్లు ఉండగా జాక్ కోహెన్ గోల్. ఇంకా పదిహేడు సెకన్లే ఉండగా నిక్ బొనీనో గోల్. 3-3. చెప్పులు వేసుకున్నవాళ్లు అలాగే చెప్పులతో హాల్లోకి పరుగెత్తుకొచ్చారు, మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. ఓవర్‌టైమ్‌లో కోల్బీ కోహెన్ కొట్టిన షాట్ ప్రత్యర్థి ఒంటికి తగిలి గాల్లోకి లేచి గోల్లో పడింది. (ఇద్దరు కోహెన్లకీ చుట్టరికం లేదు, అందరూ అడుగుతారు.) అదే ఐదో టైటిల్, పార్కర్‌కి మూడోది, ఇప్పటిదాకా చివరిది.

ఆ టీమ్‌లో మ్యాట్ గిల్‌రాయ్ అని డిఫెన్స్ ఆటగాడు ఉన్నాడు. స్కాలర్‌షిప్ పిలుపు లేకుండా తనంతట తనే వచ్చి టీమ్‌లో చోటు సంపాదించుకున్నవాడు. మూడేళ్లయ్యాక ప్రొఫెషనల్ టీమ్‌లు పిలిచినా వెళ్లకుండా నాలుగో ఏడు ఉండిపోయాడు. ఆ ఏడాదే టైటిలూ, కాలేజీ హాకీలో ఉత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డూ రెండూ వచ్చాయి. క్రిస్ డ్రూరీ కూడా అంతే, నాలుగేళ్లూ ఉండి 1998లో ఆ అవార్డు తీసుకున్నాడు. ఇప్పుడు చూడు: జాక్ ఐకల్ 2015లో ఫస్ట్ ఇయర్‌లోనే ఆ అవార్డు గెలిచి వెళ్లిపోయాడు. మాక్లిన్ సెలబ్రీనీ 2024లో ఇంకా చిన్న వయసులో, ఆ అవార్డు గెలిచినవాళ్లందరిలోకీ చిన్నవాడిగా గెలిచి, ఆ వేసవిలోనే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) మొదటి స్థానంలో వెళ్లాడు. లేన్ హట్సన్ రెండేళ్లు ఉన్నాడు. నీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇదే. ఎంత గొప్ప కోచ్ అయినా ప్రతి సెప్టెంబర్‌లో కొత్త టీమ్‌ని మొదటి నుంచి అల్లుకోవాల్సి వస్తోంది.

మిగతా సగం లెక్క. 1971లో జాతీయ టోర్నమెంట్‌లో నాలుగే జట్లు, రెండు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్. 1995లో పన్నెండు జట్లు, పై ర్యాంకు వాళ్లకి మొదటి రౌండ్ ఉండదు కాబట్టి మూడు గెలుపులు. 2003 నుంచి పదహారు జట్లు, ఎవరికైనా నాలుగు గెలుపులు. అన్నీ ఒకే మ్యాచ్ నాకౌట్. హాకీలో ఒక్క మ్యాచ్ అంటే ఎదుటి గోల్‌కీపర్‌కి ఆ రోజు చెయ్యి కుదిరితే చాలు, నలభై షాట్లు కొట్టినా ఇంటికి రావాల్సిందే. మా ఎనిమిదేళ్ల పిల్లల టోర్నమెంట్‌లో కూడా అదే చూశాను, మూడు మ్యాచ్‌లు చితక్కొట్టిన టీమ్ నాలుగోదాంట్లో ఒక్క పిల్ల గోల్‌కీపర్ ముందు ఆగిపోతుంది.

పార్కర్ చివరి రోజుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పొగడ్తలు మాత్రమే చెబితే నీకు సగం బొమ్మే ఇచ్చినట్టు. 2011-12 సీజన్లో ఇద్దరు ఆటగాళ్లు లైంగిక దాడి ఆరోపణల మీద అరెస్టయ్యారు. యూనివర్సిటీ ఒక కమిటీ వేసింది. 2012 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ నివేదిక, టీమ్‌లో ఆడపిల్లల పట్ల తమకేదో హక్కున్నట్టు ప్రవర్తించే సంస్కృతి ఉందని తేల్చింది, కోచ్ మీద సరైన పర్యవేక్షణ లేదని చెప్పింది. పార్కర్‌కి ఉన్న అథ్లెటిక్స్ శాఖ పదవిని తీసేసి కోచ్‌గా మాత్రమే ఉంచారు. ఆ సీజన్ తర్వాత, 2013లో ఆయన రిటైరయ్యారు. అప్పటికి మా అమ్మాయి చిన్నది, హాకీలోనే పెరుగుతోంది. ఆ నివేదిక గురించి పేపర్లో చదివిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. నలభై ఏళ్లు ఒకే మనిషి చేతిలో ఉండటం వల్ల వచ్చే బలం ఎంతో, ఆయన్ని ప్రశ్నించేవాళ్లు లేకపోవడం వల్ల వచ్చే నష్టమూ అంతే. ఆయన మీద నాకు గౌరవం పోలేదు. కానీ ఈ అధ్యాయం వదిలేసి ఆయన కథ చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఆయన తర్వాత వచ్చినవాళ్లందరూ ఆయన శిష్యులే. డేవిడ్ క్విన్ 1980లలో ఇక్కడ ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 1984లో పదమూడో స్థానంలో ఎంపికయ్యాడు, కానీ రక్తం గడ్డకట్టని అరుదైన జబ్బు బయటపడి ఆట ఆపేయాల్సి వచ్చింది. కోచ్‌గా 2013లో వచ్చి రెండో సీజన్లోనే, ఐకల్ ఉన్న టీమ్‌తో, ఫైనల్‌కి చేరాడు. 2015 ఏప్రిల్ 11, బోస్టన్‌లోనే, టీడీ గార్డెన్‌లో, ఎదురుగా ప్రావిడెన్స్. నేను అక్కడే ఉన్నాను. మూడో పీరియడ్‌లో 3-2తో ముందున్నాం. దూరం నుంచి మెల్లగా ఎగిరొచ్చిన పక్‌ని మన గోల్‌కీపర్ చేత్తో పట్టాడు, పట్టినట్టే పట్టి కింద వదిలాడు, అది కాళ్ల మధ్య నుంచి గోల్లోకి జారింది. కాసేపటికే ఇంకో గోల్. 4-3తో పోయింది. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోవడం అంటారే, అదే. ఆ కుర్రాడు సీజనంతా టీమ్‌ని నిలబెట్టినవాడు, ఆ ఒక్క క్షణంతో అతన్ని గుర్తుపెట్టుకోవడం అన్యాయం. అందుకే పేరు రాయడం లేదు.

క్విన్ 2018లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు న్యూయార్క్ రేంజర్స్‌కి కోచ్‌గా వెళ్లాడు. అసిస్టెంట్‌గా ఉన్న ఆల్బీ ఓ'కానెల్ వచ్చాడు, ఇతనూ పార్కర్ దగ్గర ఆడినవాడే. నాలుగు సీజన్లలో జాతీయ టోర్నమెంట్‌కి ఒక్కసారే వెళ్లారు. 2022 ఫిబ్రవరిలో బీన్‌పాట్ (ఇక్కడి నాలుగు కాలేజీల టోర్నమెంట్) గెలిచాడు, మార్చిలో తీసేశారు. నా ఉద్దేశంలో అది తొందరపాటే. కోవిడ్ రెండు సీజన్లని తినేసింది, ఇంకో ఏడాది ఇవ్వాల్సింది. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, తర్వాత వచ్చిన ఫలితాలు కూడా వాళ్ల వైపే మాట్లాడుతున్నాయి, అయినా నా మాట మార్చుకోలేదు.

ఆ తర్వాత జే పాండోల్ఫో. 1995 టైటిల్ టీమ్, 1996 కెప్టెన్, తర్వాత న్యూజెర్సీ డెవిల్స్‌తో 2000లో, 2003లో స్టాన్లీ కప్పులు, అంటే ఎన్‌హెచ్‌ఎల్ టైటిళ్లు. 2023లో మిన్నెసోటా చేతిలో, 2024లో డెన్వర్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 2-1తో సెమీఫైనల్ ఓటములు. 2025లో పెన్ స్టేట్‌ని దాటి సెయింట్ లూయిస్‌లో ఫైనల్, అక్కడ అప్పటిదాకా ఒక్క టైటిల్ లేని వెస్టర్న్ మిషిగన్ 6-2తో గెలిచింది. పార్కర్ మొదటి నాలుగేళ్లు గుర్తున్నాయా? సెమీఫైనల్, సెమీఫైనల్, సెమీఫైనల్, సెమీఫైనల్. నాకు పాండోల్ఫోని చూస్తుంటే అవే గుర్తొస్తాయి.

ఇప్పుడు వరస చూడు: క్లెవర్లీ దగ్గర ఆడిన కెల్లీ, కెల్లీ దగ్గర ఆడిన పార్కర్, పార్కర్ దగ్గర ఆడిన క్విన్, ఓ'కానెల్, పాండోల్ఫో. 1962 నుంచి ఇప్పటిదాకా అబాట్ ఒక్కరే బయటివారు. మన సంగీతంలో గురుశిష్య పరంపర అంటాం కదా, ఇంచుమించు అదే. అమ్మాయిల టీమ్ 2005లో మొదలైతే దానికి మొదటి కోచ్ బ్రయన్ డ్యూరోషర్, 1978 టైటిల్ టీమ్‌లో గోల్‌కీపర్. ఆయన టీమ్ 2011లో, 2013లో జాతీయ ఫైనల్‌కి వెళ్లింది. కెనడా దిగ్గజం మరీ-ఫిలిప్ పూలాన్ ఆడింది ఆయన దగ్గరే. 2023లో ఆయన తర్వాత వచ్చిన టారా వాచోర్న్ కూడా ఆయన శిష్యురాలే. మా అమ్మాయికి అబ్బాయిల మ్యాచ్ కంటే ఈ మ్యాచ్‌లే ఇష్టం. వాల్టర్ బ్రౌన్‌లోనే ఆడతారు, మంచుకి చాలా దగ్గరగా కూర్చోవచ్చు.

కొందరు అంటారు, ఎప్పుడూ ఇంటివాళ్లనే తీసుకుంటే కొత్త ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందని. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2012 నివేదిక చదివాక నేనూ అదే అన్నాను. కానీ క్విన్, పాండోల్ఫో ఇద్దరూ మధ్యలో బయటికెళ్లి ఎన్‌హెచ్‌ఎల్ బెంచీల మీద పనిచేసి వచ్చినవాళ్లు. బయట నేర్చుకుని ఇంటికొచ్చినవాళ్లకీ, గడప దాటనివాళ్లకీ తేడా ఉంది.

బీన్‌పాట్ అన్నాను, అదేంటో తెలియకపోతే: బోస్టన్ ప్రాంతంలోని నాలుగు కాలేజీలు, మనం, బోస్టన్ కాలేజీ, హార్వర్డ్, నార్త్ఈస్టర్న్, 1952 నుంచి ఆడుకుంటున్న టోర్నమెంట్. ఫిబ్రవరిలో మొదటి రెండు సోమవారాలు, టీడీ గార్డెన్‌లో. ట్రోఫీ బీన్స్ వండే కుండ. మనవాళ్లు ముప్పైసార్లకి పైగా గెలిచారు, అందులో 21 పార్కర్ కాలంలోనివే. 1978లో బీన్‌పాట్ రాత్రే పెద్ద మంచు తుఫాను వచ్చి, ఇంటికెళ్లలేక జనం రోజుల తరబడి పాత గార్డెన్‌లోనే పడుకున్నారు, ఫైనల్ మార్చికి వాయిదా పడింది. అది చూసిన ముసలాయన ఒకరు మా వరసలోనే కూర్చునేవారు. స్టాండ్స్‌లో అమ్మే హాట్‌డాగ్‌లు తిని మూడు రోజులు గడిపానని ప్రతి ఫిబ్రవరిలో చెప్పేవారు, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వినేవాణ్ని.

ఇంకో మాట, మీ అరీనా పేరు హ్యారీ అగానిస్‌ది. ఆయన హాకీ ఆటగాడు కాదు. పక్క ఊరు లిన్‌కి చెందిన గ్రీకు కుటుంబం కుర్రాడు, ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపించే ఆటగాడు), తర్వాత రెడ్ సాక్స్‌కి బేస్‌బాల్ ఆడుతూ 1955లో ఇరవై ఆరేళ్లకే చనిపోయాడు. యూనివర్సిటీ 1997లో ఫుట్‌బాల్ టీమ్‌నే ఎత్తేసింది. అప్పటి నుంచి ఈ క్యాంపస్‌లో జనాన్ని ఒక్కచోటికి చేర్చే ఆట హాకీ ఒక్కటే. నీ క్లాస్‌మేట్‌కి అంత పిచ్చి ఎందుకో అందులో కొంత జవాబుంది.

మ్యాచ్‌కి మళ్లీ వెళ్లేటప్పుడు పక్‌ని వెతకొద్దు, ఐదుగురు ఆటగాళ్లు కదిలే తీరు చూడు, పక్ దానంతటదే కనబడుతుంది. నలభై, యాభై సెకన్లకోసారి ఆటగాళ్లు మారుతుంటారు, బెంచ్ వైపు కూడా ఓ కన్నేసి ఉంచు, కోచ్ పని అక్కడే కనిపిస్తుంది. విద్యార్థులు కూర్చునే డాగ్ పౌండ్‌లో కూర్చో, గొంతు పోతుంది, ఫర్వాలేదు. లోపల చలి కాబట్టి జాకెట్ మర్చిపోకు. ఫిబ్రవరి సోమవారం సాయంత్రం క్లాస్ ఉంటే ప్రొఫెసర్‌కి ముందే చెప్పు, బీన్‌పాట్ అంటే ఇక్కడ చాలామంది అర్థం చేసుకుంటారు. టికెట్ దొరక్కపోతే ఇక్కడే రాయి, మా వరసలో ఏదో ఒక సీటు ఖాళీ అవుతూనే ఉంటుంది.